చలిదినములలో మన యింటి వంటలు

మానవదేహమునకు చలి తగిలినప్పుడు రెండు విధములైన రక్షణ కావలసియుండును. ఒకటి వెలుపలి రక్షణ. అనగా కంబళి, పైకప్పు, నాలుగు గోడలు. రెండవది లోపలి రక్షణ. అనగా వేడివేడి యాహారము. మొదటిదానిని డబ్బిచ్చి అంగడిలో కొనవచ్చును. రెండవది మాత్రము ఇంటిలోనే, పొయ్యి యొద్దనే, మనవారి చేతిమీదుగనే పుట్టవలెను. ఈ రెండవదానిని గూర్చి, అందును మన పరిగి ప్రాంతపు ఇండ్లలో చలిదినములందు వండుకొను వంటకములను గూర్చి, కొన్ని సంగతులను విద్యార్థులకును వారి తలిదండ్రులకును మనవి చేయ నుద్దేశించితిని.

పాఠశాల పత్రికలో వంటను గూర్చి వ్రాయుట యేమని కొందరు నవ్వవచ్చును. భూగోళము, చరిత్ర, ప్రకృతిశాస్త్రము, గణితము అను నాలుగు పాఠములును ఒక్క సంగటిముద్దలో ఇమిడి యున్నవని చూపగలిగినయెడల ఆ నవ్వు కొంత తగ్గునని నమ్ముచున్నాను. అంతకంటె ముఖ్యమైన కారణ మొకటి గలదు. దానిని వ్యాసము చివర చెప్పెదను.

మన చలికి కారణము

హిందూపురము సముద్రమట్టమునకు సుమారు 2,000 అడుగుల యెత్తున నున్నది. దానికి సమీపమున నున్న మన పరిగియు మైసూరు పీఠభూమి యంచుననే యున్నది. సముద్రతీరమున నీరు పగటి వేడిమిని దాచుకొని రాత్రివేళ మెల్లమెల్లగ విడుచును. అందుచే నెల్లూరు, బందరు మొదలగు తావులలో రాత్రికిని పగటికిని అంత భేదముండదు. మనకు సముద్రము దూరము. మన నేల త్వరగా వేడెక్కి త్వరగా చల్లారును. మార్గశిర పుష్య మాసములలో ఆకాశము నిర్మలముగా నుండుటచే నేలలోని వేడిమి మబ్బుల యడ్డు లేక పైకి పోవును. కావుననే తెల్లవారుజామున ఉష్ణమానము 15 డిగ్రీలకు దిగువ దిగు దినములు మనకు గలవు. హిమాలయ ప్రాంతమువారు దీనిని చలియని యొప్పుకొనకపోవచ్చును. కాని ఎండకు తగినట్లు కట్టిన యిండ్లలో, పలుచని దుప్పటితో నిద్రించు మనకు అదియే చాలినంత చలి.

అంతకుముందే ఆశ్వయుజ కార్తికములలో మరియొక చలి వచ్చును. బంగాళాఖాతమున వాయుగుండము పుట్టినప్పుడు రెండు మూడు దినములు సూర్యుడు కానరాక ముసురు పట్టును. పల్లెలనుండి నడిచి వచ్చు పిల్లలు తడిసిన బట్టలతో తరగతిలో కూర్చుండి, సాయంకాలపు గంట యెప్పుడు కొట్టుదురా, ఇంటికి పోయి పొయ్యి ముందర ఎప్పుడు కూర్చుందుమా యని యెదురు చూచుట ఉపాధ్యాయులందరును ఎరిగినదే.

అయితే ముసురు కురిసిన మాత్రమున మనది వానల సీమ గాదు. పడమటి కనుమల చాటున నుండుటచే ఇచ్చట ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. పెన్న, జయమంగళి నదులు మన ప్రక్కనే పోవుచున్నను అవి యేడాది పొడుగున పారునవి గావు. చెరువు నిండిన యేట మడిలో వరి, నిండని యేట మెట్టలో రాగి, ఉలవ, అనుము, వేరుసెనగ. ఇదియే మన పెద్దల వ్యవసాయము. ఈ విషయము గుర్తుంచుకొనిన యెడల మన చలికాలపు వంటల మర్మము తెలియును. అవి విలాసము కొరకు పుట్టినవి గావు. వాన చాలని నేల యిచ్చిన నాలుగు గింజలతో మన అవ్వలు కల్పించిన ఓదార్పు అవి.

రాగి సంగటి

రాగికి పుట్టినిల్లు మన దేశము గాదు. అది తూర్పు ఆఫ్రికాలోని ఎత్తైన సీమలలో మొదట సాగుచేయబడి, వేలయేండ్లనాడు మన దేశమునకు వచ్చినది. వచ్చి మన యెర్రనేలలో స్థిరపడినది. తక్కువ వానకు ఓర్చుకొనుట దాని మొదటి గుణము. పురుగు పట్టక ఏండ్లకొలది నిలువ యుండుట రెండవ గుణము. పూర్వము పాతరలలో రాగులు పోసి మూసి, కరవు వచ్చినప్పుడు తీసెడివారు. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును పాడుచేసిన ఘోరమైన క్షామమును ఈ సీమయు అనుభవించెను. అట్టి క్షామములు చూచిన వంశములవారు రాగిని గౌరవముతో చూచుటలో వింత యేమున్నది?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారము 100 గ్రాముల రాగులలో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియము గలదు. మరపట్టిన బియ్యములో అది 10 మిల్లీగ్రాములకు మించదు. రాగిలోని కాల్షియము యావత్తు దేహమునకు పట్టదుగాని, పట్టినంతవరకును ఎదుగు పిల్లల యెముకలకు అది మేలే చేయును.

ఇక చేయు విధము. నలుగురికి అరగ్లాసు నూకలు, గ్లాసున్నర రాగిపిండి, నాలుగున్నర గ్లాసుల నీరు, కొంచెము ఉప్పు కావలెను. నూకలను కడిగి అరగంట నానబెట్టి, ఎసరు మరిగిన పిమ్మట అందులో వేసి మెత్తగా ఉడుకనీయవలెను. తరువాత రాగిపిండిని నీటి నడుమ కుప్పగా పోయవలెను. ఇచ్చట తొందరపడి కలుపరాదు. తెడ్డుకాడతో కుప్ప నడుమ ఒక రంధ్రము చేసి, మూతవేసి, సన్నని మంటపై పది నిమిషములు ఉంచవలెను. ఆవిరి ఆ రంధ్రము గుండ పైకి వచ్చి పిండినంతయు ఉడికించును. అటుపిమ్మట కుండను దింపి, కదలకుండ పట్టుకొని, తెడ్డుతో బలముగా గెలుకవలెను. పొడిపిండి ఎచ్చటను కానరానంతవరకు గెలికి, మరల రెండు నిమిషములు మూతవేసి, తడిచేతితో ముద్దలు చేయవలెను.

మొదటనే కలిపిన నేమగును? పిండి యుండలు కట్టును. కారణ మిది. పిండిలోని గంజిపదార్థము వేడినీరు తగులగనే ఉబ్బి జిగురగును. కలిపినప్పుడు ప్రతి చిన్న పిండియుండ చుట్టును ఆ జిగురు పొరవలె నేర్పడి, లోపలి పిండికి నీరు చేరనీయదు. పైన ఉడికి లోన పచ్చిగా నుండు ఉండ అట్లు పుట్టును. ఆవిరిచే ముందుగనే పిండిని వేడిచేసి తరువాత గెలికినయెడల ఈ చిక్కుండదు. మన అవ్వలకు గంజిపదార్థమను పేరు తెలియదు. కాని దాని స్వభావము మనకంటె బాగుగ తెలియును.

సంగటిముద్ద నడుమ గుంటచేసి నెయ్యి పోసికొని, ఒక్కొక్క తునుకను పులుసులో అద్ది నమలక మ్రింగుట మన పద్ధతి. అన్నపు మెతుకుల నడుమ గాలి చొరబడి వేడి త్వరగా పోవును. సంగటి సందులేని ముద్ద యగుటచే, పైన చల్లారినను నడుమ చాలసేపు వేడిగనే యుండును. చలిదినములలో ఆఖరి కబళమువరకు వెచ్చగా నుండు భోజనము ఇదియే.

ఉలవచారు

సంగటికి తోడు ఉలవచారు. సరిహద్దు దాటి మధుగిరి, గౌరిబిదనూరు వైపు పోయినయెడల ఉలవలనే హురళి యందురు. పేరు మారును గాని రుచి మారదు. ఉలవలలో ఐదవ వంతుకు పైగా మాంసకృత్తులే. ఎద్దులకు ఉలవలు ఉడికించిపెట్టు ఇండ్లలో గింజ ఎద్దునకును, కట్టు మనిషికిని చెందెడిది. దున్నునదియు దున్నించువాడును ఒక్క కుండనుండియే బలము పొందెడివారన్న మాట.

ఒక గ్లాసు ఉలవలను రాళ్లు లేకుండ ఏరి, కడిగి, రాత్రి నానబెట్టి, మరునాడు ఏడెనిమిది గ్లాసుల నీటిలో గింజ చిదుకునంతవరకు ఉడికింపవలెను. కుక్కరులో ఉడికించినను దోషము లేదు. వడగట్టగా వచ్చిన ఎర్రని నీరే కట్టు. పిడికెడు ఉడికిన ఉలవలు, ఒక యెర్రగడ్డ, ఆరు తెల్లగడ్డ రెబ్బలు, నాలుగు ఎండుమిరపకాయలు, రెండు చెంచాల ధనియాలు, అరచెంచా జీలకర్ర, అరచెంచా మిరియాలు, చిన్న ఎండుకొబ్బరి తునుక వేయించి నూరి, నిమ్మకాయంత చింతపండు రసముతో పాటు ఆ కట్టులో కలిపి, సన్నని మంటపై చిక్కబడువరకు కాచి, ఆవాలు కరివేపాకుతో తిరగబోత పెట్టవలెను. చింతపండునకు మన హిందూపురపు సంత యెంత పేరుపొందినదో నేను చెప్పనక్కరలేదు. మిగిలిన ఉలవలను ఉప్పు, కారము, కొబ్బరికోరు వేసి తిరగబోత పెట్టినయెడల గుగ్గిళ్లగును. బడినుండి వచ్చిన పిల్లలకు సాయంకాలపు ఫలహారము.

ఈ చారును గూర్చి నా సొంత సంగతి యొకటి చెప్పవలసియున్నది. మా తల్లి చేయు ఉలవచారు మా వీధిలో పేరుపొందినది. ముసురుదినమున నేను తడిసి వచ్చి వాకిట నిలుచునప్పటికి ఆ వాసన యెదురు వచ్చెడిది. ఏండ్లతరబడి తింటిని గాని, ఒక్కనాడైనను పొయ్యి యొద్ద కూర్చుండి, "ఎట్ల చేస్తావమ్మా?" అని యడిగినవాడను గాను. అది యెల్లప్పుడును ఉండుననియే తలంచితిని. ఆమె గతించిన పిమ్మట వచ్చిన మొదటి చలికాలమున నా చెల్లెలును, నా భార్యయు, నేనును కూడి చేసితిమి. ఉలవలు మా చేనివే. చింతపండు మా చెట్టుదే. కుండయు ఆమె వాడిన కుండయే. చారు బాగుగనే యున్నది. కాని అది ఆమె చారు గాదు. మా నాయన రెండు ముద్దలు తిని, ఏమియు ననక, చేయి కడుగుకొనెను. బాగులేదని ఆయన యనినయెడల నాకు అంత బాధ కలిగియుండదు.

మరుసటి యేడును అట్లే జరిగెను. మూడవ యేట పొరుగింటి అవ్వ యొకతె మా వంట చూచి నవ్వి, "మీ యమ్మ ఎర్రగడ్డని నూనెలో ఏంచేది కాదు నాయనా. పొట్టుతోనే నిప్పుల్లో కాల్చేది. కట్టు గూడా ఆ పొద్దే కాచదు. రాత్రంతా పెట్టి మరునాడు కాచల్ల" అనెను. ఆమె చెప్పినట్లు చేసితిమి. ఆనాడు మా నాయన మారు వడ్డింపుమని గిన్నె ముందుకు జరిపెను.

తరువాత ఆలోచింపగా ఆ రెండు మాటలకును కారణము తోచెను. ఎర్రగడ్డను నిప్పులలో కాల్చినప్పుడు దానిలోని చక్కెర మాడి గోధుమవన్నె తిరిగి, తీపియు పొగవాసనయు గలిసిన రుచి నిచ్చును. కట్టును రాత్రి యుంచినప్పుడు అందలి గంజి నీటిలో చక్కగ కలిసి చిక్కదన మేర్పడును. వేసవిలో అట్లుంచిన కట్టు తెల్లవారునప్పటికి పులిసి చెడిపోవును. చలిరాత్రి మాత్రమే దానిని కాపాడును. అప్పుడును బాగుగ మరిగించి, మూతవేసి, మరునాడు మరల మరిగింపవలెను. కాబట్టి ఆ చారునకు చలియు ఒక దినుసే! అయినను నిజము చెప్పవలెనన్న, ఆమె రుచిలో ముప్పాతిక వంతు మాత్రమే మాకు తిరిగి దొరకినది. మిగిలిన పాతిక ఎవరికిని తెలియదు. అది ఆమెతోనే పోయినది.

పితికిన పప్పు

అనపకాయలు మన చేలలో రాగి నడుమ సాళ్లుగా వేయు పంట. పగటి పొద్దు తగ్గినప్పుడే పూతకు వచ్చు స్వభావము మన నాటురకములకు గలదు. అందుచేతనే వానకాలమున నాటినను, కాయ మాత్రము చలికాలముననే చేతికి వచ్చును. మంచు కురిసిన వేకువ కోసిన కాయకు ఒక విధమైన జిడ్డును, గాఢమైన వాసనయు నుండును. ఆ వాసన చేతికి అంటిననాడే మన యింటికి చలికాలము వచ్చినదని లెక్క.

కాయలు ఒలిచి, గింజలను రాత్రి నీటిలో నానవేసి, మరునాడు ఒక్కొక్క గింజను బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ పట్టి నొక్కగా పొట్టు చేతిలో నిలిచి పప్పు ఎగిరి గిన్నెలో పడును. ఈ పితుకుటచేతనే దానికి పితికిన పప్పను పేరు వచ్చినది. కన్నడ సోదరులు దీనినే హితికిద బేళె యందురు. ఒక యింటికి చాలునంత పప్పు పితుకుటకు ఒకరి చేతులు చాలవు. అవ్వ, అమ్మ, అక్క, పిల్లలు, ఒక్కొక్కప్పుడు తాతయు చేట చుట్టు కూర్చుండవలెను. కథలు, పొడుపుకథలు, ఊరి సంగతులు అప్పుడు వెలువడును. ఈ వంటకమునందలి వెచ్చదనములో సగము పొయ్యిమీద పెట్టకముందే పుట్టుచున్నదని నా యభిప్రాయము.

రెండు గ్లాసుల పితికిన పప్పునకు ఒక యెర్రగడ్డ, రెండు టమోటాలు, ఒక యుర్లగడ్డ చాలును. అరచిప్ప పచ్చికొబ్బరి, రెండు చెంచాల ధనియాలు, ఐదు ఎండుమిరపకాయలు, ఒక చెంచా గసగసాలు, చిన్న అల్లపుముక్క, ఆరు తెల్లగడ్డ రెబ్బలు, రెండు లవంగములు, కొంచెము చెక్క కలిపి మెత్తగా నూరవలెను. నూనెలో ఎర్రగడ్డ వేగిన పిమ్మట టమోటాను, నూరిన మసాలాను వేసి పచ్చివాసన పోవువరకు వేయించి, పప్పును, ఉర్లగడ్డ ముక్కలను, మూడు గ్లాసుల నీటిని చేర్చి, పప్పు మెత్తబడువరకు ఉడికింపవలెను. గింజ చెదరక, నోటిలో వేసికొనగనే కరగవలెను, అదియే గురుతు. అనపగింజలను పచ్చివిగా తినరాదు. నానబెట్టి బాగుగ ఉడికించియే తినవలెను.

చారు, జావ, ఉండలు

జలుబు పట్టిన దినమున మిరియాలచారు. ఒక చెంచా మిరియాలు, ఒక చెంచా జీలకర్ర, నాలుగు తెల్లగడ్డ రెబ్బలు కచ్చాపచ్చాగా దంచి, పలుచని చింతపండు నీటిలో వేసి, పొంగు రాగానే దింపవలెను. ఎక్కువసేపు మరిగించిన యెడల వాసన నిచ్చు తైలములు ఆవిరితో పోయి ఘాటు మాత్రమే మిగులును.

జ్వరము తగ్గి లేచినవారికి రాగిజావ. రెండు చెంచాల పిండిని ముందుగా చల్లని నీటిలో కలిపి, తరువాత మరుగుచున్న నీటిలో పోసి కలుపుచుండవలెను. సంగటికి పొడిపిండి, జావకు కలిపిన పిండి! ఈ రెంటికిని గల భేదమును పైన చెప్పిన యుండల సంగతితో పోల్చి చూచుకొనుడు. బెల్లముతో తీపిగా గాని, మజ్జిగయు ఉప్పును కలిపి గాని త్రాగవచ్చును.

సంక్రాంతికి నువ్వుల యుండలు, చెనిక్కాయల యుండలు. నువ్వులలోను వేరుసెనగలలోను దాదాపు సగము నూనెయే. పిండిపదార్థము గ్రామునకు సుమారు 4 క్యాలరీల శక్తి నిచ్చుచుండగా నూనె 9 ఇచ్చును. చలిలో దేహమునకు ఇంధనము ఎక్కువ కావలసినప్పుడు పెద్దలు ఈ పండుగ తీపిని నియమించుట ఎంత సముచితము! ఒక గ్లాసు వేయించి పొట్టుతీసిన గింజలకు ముప్పాతిక గ్లాసు బెల్లము చాలును. పాకమును ఒక చుక్క నీటిలో వేసినప్పుడు గట్టియుండ యైనయెడల సరియైన సమయము.

వేడిమి మూడు విధములు

"ఇది వేడి చేసే వస్తువు" అని పెద్దలు చెప్పుదురు. శాస్త్రదృష్టితో చూచినయెడల భోజనమువలన కలుగు వేడిమి మూడు విధములు. మొదటిది వంటకములోనే యున్న వేడిమి. అది కొంతసేపటికి పోవును. రెండవది అరుగుదలవలన పుట్టు వేడిమి. తిన్నదానిని జీర్ణము చేసికొనుటకు దేహము పనిచేయును. పని జరిగినచోట వేడిమి పుట్టును. పిండిపదార్థములకంటె, నూనెలకంటె మాంసకృత్తులు అరుగునప్పుడు ఈ వేడిమి యధికము. ఉలవలు వేడియను మాటలో కొంత నిజ మిట్లున్నది. మూడవది మిరియాలు, మిరపకాయలు కలిగించునది. ఇది నిజమైన వేడిమి గాదు. వేడిమి యను తలంపు మాత్రమే. మన నాలుకమీదను చర్మములోను వేడిని గుర్తించు నరములు గలవు. మిరపలోని కారపుపదార్థము ఆ నరములనే తట్టి, అగ్ని తగిలినట్లు మెదడునకు వార్త పంపును. ఆ వార్త నందుకొను ద్వారమును 1997లో గుర్తించిన అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమానము పంచుకొనిన యిద్దరిలో ఒకడు. మిరపకాయ పోర్చుగీసువారి మూలమున అమెరికా ఖండమునుండి వచ్చినది. అంతకుముందు మన చారునకు కారమిచ్చినది మిరియమే.

సంగటి ఎందుకు తగ్గెను?

ఒకప్పుడు ఈ సీమలో పేదల యింట వరియన్నము పండుగనాటి వంట. 1983లో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్య మిచ్చు పథకమును ఆరంభించెను. ఆయన 1985 ఎన్నికలనుండి మన హిందూపురమునకే శాసనసభలో ప్రతినిధిగా నుండెను. ఆ బియ్యము అనేకుల యాకలి తీర్చినది. దానిని నిందించుట కృతఘ్నత. పూర్వపు సంగటి వెనుక స్త్రీల కష్టము ఎంత యుండెనో మరువరాదు. కోడికూయకముందు లేచి తిరగలి త్రిప్పి పిండి విసరినగాని ఇంటిలో ముద్ద లేదు. అన్నము వచ్చి ఆ చేతులకు విశ్రాంతి నిచ్చినది.

కాని అన్నముతోకూడ ఒక తప్పుతలంపును వచ్చినది. అన్నము గౌరవమనియు, సంగటి పేదరికమనియు పిల్లలు తలంప నారంభించిరి. సంగటి తెచ్చిన పిల్లవాడు మూతచాటున తినుటను నేను కన్నులార చూచితిని. ఇప్పుడు కాలము తిరిగినది. భారతదేశపు ప్రతిపాదనమీద ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగా ప్రకటించెను. నగరములలోని హోటళ్లలో సంగటిని పేరుపెట్టి అడిగి తినుచున్నారు. నేడు పిండి విసరుటకు మర యున్నది. తిరగలి కష్టము లేదు. ఇక మనకు లేనిది చేయు విధమెరిగినవారే.

విద్యార్థులకు ఒక పని

మొదట చెప్పెదనన్న కారణ మిదియే. ఈ వంటలు ఏ గ్రంథమునందును సరిగా లేవు. నేను పైన వ్రాసిన కొలతలును ఒక యింటివి మాత్రమే. ప్రతి యింటికిని ఒక్కొక్క మర్మము గలదు. అది ఒక్కొక్క యవ్వ చేతిలో నున్నది. ఆ చేయి యెల్లప్పుడు ఉండదు. నేను అడుగవలసినవారిని అడుగవలసిన కాలమున అడుగనైతిని. మీకు ఇంకను సమయ మున్నది.

ఈ సెలవులలో మీ అవ్వ యొద్దనో, అమ్మ యొద్దనో కూర్చుండి ఒక్క వంటకమును వ్రాసికొనుడు. "ఎంత వేయల్ల?" అని యడిగినయెడల "తగినంత" అని చెప్పుదురు. అక్కడ ఆగిపోవలదు. ఆమె పిడికిట పట్టిన పిండిని కుండలో పడకముందు ఒక గ్లాసులో పోయించి కొలిచి, తరువాత వేయనీయుడు. ఏది ముందు, ఏది తరువాత, ఎంతసేపు, ఏ గురుతు చూచి దింపవలెను అను నాలుగింటిని తప్పక వ్రాయుడు. నూనెలో వేయించుటయా, నిప్పులలో కాల్చుటయా. ఆనాడేనా, మరునాడా అని యడుగుడు. మీకు అల్పముగ తోచు మాటలోనే రుచి దాగియుండవచ్చును. ఆ వంటను ఎవరియొద్ద నేర్చుకొంటివని కూడ అడిగి ఆ పేరు వ్రాసికొనుడు. పిదప మీరే ఒకమారు వండి, ఆమెకు వడ్డింపుడు. తప్పు లున్నయెడల ఆమెయే దిద్దును. మగపిల్లలు ఇది తమ పని గాదనుకొనరాదు. ఆకలియు చలియు అందరికిని సమానమే గదా!

చలి ప్రతి సంవత్సరమును తప్పక వచ్చును. పొయ్యి యొద్ద కూర్చున్నవారు మాత్రము ప్రతి సంవత్సరమును ఉందురన్న నియమము లేదు. కాబట్టి వారుండగనే వారి చేతిపనిని మీ చేతికి తెచ్చుకొనుడు. అప్పుడు ఎంతదూరపు ఊరికి ఉద్యోగమునకు పోయినను, ముసురుపట్టిన సాయంకాలమున మీ యింటి తలుపు తెరువగనే మీ పిల్లలకు ఆ వాసన యెదురు వచ్చును.